కాలినడకను లండను నగరము

ఒక మహానగరమును తెలిసికొనుటకు దాని పటము చాలదు. లండను పటములలో మిక్కిలి ప్రసిద్ధమైనది భూగర్భ రైలుమార్గముల పటము. హారీ బెక్ అను నక్షా లేఖకుడు గీచిన దీనిని 1933లో ప్రజలకు అందించిరి. రైలు ఎచ్చట ఎక్కవలెనో, ఎచ్చట మారవలెనో దానివలన తెలియును గాని, దూరములు తెలియవు. లెస్టర్ స్క్వేర్ నుండి కావెంట్ గార్డెన్‌కు మూడువందల మీటర్లైనను లేదు. అయినను కొత్తవారు నేల క్రిందికి దిగి, రైలెక్కి, మరల పైకి వత్తురు. ఇట్లు ఏండ్ల తరబడి నివసించినవారికి గూడ ఆ నగరము ఒకదానితో నొకటి పొసగని తునకలుగానే మిగిలిపోవును.

మన పాఠశాలలో చదివి విదేశములకు పోవువారు ఏటేట పెరుగుచున్నారు. వారమంతయు చదువుతోనో కొలువుతోనో గడపి, శని ఆదివారములు గదిలో పండుకొని ఇంటిమీద బెంగ పెట్టుకొనుచున్నారని తల్లిదండ్రులు నాతో చెప్పుచుందురు. నేను గత వేసవిలో సెలవు పెట్టి లండనులో మా అమ్మాయి ఇంట రెండు మాసములు ఉంటిని. ఒక శని ఆదివారములలో నడచి చూచిన సంగతులు అట్టివారికి ఉపయోగపడునని వ్రాయుచున్నాను. ఖర్చు ఏమియు లేదు. గట్టి జోళ్లు, ఒక గొడుగు చాలును. వీథుల మూలలందు నిలిపిన పటపు స్తంభములు, ఐదు నిమిషములలో ఎంత దూరము, పదునైదు నిమిషములలో ఎంత దూరము నడువవచ్చునో వలయములు గీచి చూపును. ఎవరిని అడుగుటకును మొగమోట పడ నక్కరలేదు.

శనివారమునకు ‘సిటీ’ అనబడు పాతనగరము తగినది. ఇది ఇంచుమించు ఒక చదరపు మైలు మాత్రమే. పనిదినములలో లక్షలకొలది ఉద్యోగులు వచ్చిపోవు ఈ చోట కాపురముండువారు 2021 జనాభా లెక్కల ప్రకారము తొమ్మిదివేలకు లోపే. అందుచేత శనివారము ఉదయమున అచ్చటి వీథులు మన దేశములో బందు జరిగిన నాటివలె ఉండును. గోడలమీది పేర్లు తీరికగా చదువుకొనవచ్చును.

1666 సెప్టెంబరు 2వ తేదీన పుడ్డింగ్ లేన్ అను సందులో ఒక రొట్టెలవాని ఇంట నిప్పు అంటుకొని, నాలుగు దినములు నగరమును దహించెను. సుమారు 13,200 ఇండ్లు కాలిపోయెను. దాని జ్ఞాపకార్థము 1677లో ముగించిన స్తంభము ఎత్తు 202 అడుగులు. అచ్చటినుండి ఆ రొట్టెలకొట్టు ఉండిన చోటికి దూరమును అంతే. లోపల 311 మెట్లు కలవు. నా మోకాళ్లు ఒప్పుకొనలేదు గనుక క్రిందనే నిలిచి చూచితిని. అగ్ని చల్లారిన పిమ్మట తిన్నని, వెడల్పైన వీథులతో నగరమును కొత్తగా నిర్మింపవలెనని క్రిస్టఫర్ రెన్ మొదలైనవారు నమూనాలు గీచి ఇచ్చిరి. కాని ఎవరి స్థలము వారికి కావలసి వచ్చెను. వీథులు చాలవరకు పాత వంకరలలోనే లేచెను. ఆ వంకరలతోపాటు పేర్లును నిలిచెను. బ్రెడ్ స్ట్రీట్, మిల్క్ స్ట్రీట్, కోళ్ల వర్తకమునకు పేరుపొందిన పౌల్ట్రీ, ఇవి అన్నియు చీప్‌సైడ్ దాపులనే ఉన్నవి. చీప్ అనగా పాత ఇంగ్లీషులో అంగడి అని అర్థము. చౌక అని కాదు. బెంగుళూరులో బియ్యపు వర్తకులుండిన అక్కిపేటను, గాజులు అమ్మిన బళేపేటను ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

అచ్చటినుండి కొంతదూరము నడచినచో లెడెన్‌హాల్ స్ట్రీట్. 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానము పెట్టిన ఈస్టిండియా కంపెనీ ప్రధాన కార్యాలయము ఈ వీథిలోనే ఉండెడిది. 1860 దాటిన తొలి యేండ్లలో దానిని పడగొట్టిరి. ఇప్పుడు ఆ స్థలమున 1986లో ప్రారంభమైన లాయిడ్స్ భవనము, గొట్టములను మెట్లను వెలుపల పెట్టుకొని నిలిచియున్నది. మన కళంకారీ బట్టల ధరలు నిర్ణయింపబడిన చోట నాకు కనబడినవి గాజును ఉక్కును మాత్రమే.

ఆదివారము తూర్పుదిక్కుగా పోవలెను. పాత కోటగోడకు వెలుపల స్పిటల్‌ఫీల్డ్స్ అను పేట కలదు. భాషాల్పసంఖ్యాకులమైన మనకు ముఖ్యమైన పాఠము ఇచ్చటనే యున్నది. కనుక దీనిని కొంత విస్తరించి చెప్పుదును.

1685లో ఫ్రాన్సు రాజు ప్రొటెస్టెంట్ల మతస్వేచ్ఛను రద్దుచేయగా, హ్యూగెనాట్లు అనబడు వారు సుమారు ఏబదివేలమంది ఇంగ్లండునకు పారిపోయి వచ్చిరి. వారిలో పట్టునేతగాండ్రు పెక్కురు ఈ పేటలో మగ్గములు వేసిరి. షోలాపురమునకు తరలిపోయిన మన పద్మశాలీలవలె, వీరును చేతిపనిని, నోటిమాటను వెంట తెచ్చుకొన్నవారే. మగ్గమునకు వెలుతురు కావలెను గనుక పై అంతస్తులో పొడవైన కిటికీలు పెట్టిన వారి ఇండ్లు నేటికిని ఉన్నవి. ఫోర్నియర్ స్ట్రీట్, బ్రిక్ లేన్ కలియు మూలలో 1743లో వారు కట్టుకొన్న ప్రార్థనాలయము కలదు. ఆ సంవత్సరము చెక్కిన ఎండగడియారము గోడమీద ఇంకను కనబడును. అది 1819లో మెథడిస్టుల ఆలయమైనది, 1898లో యూదుల ప్రార్థనామందిరమైనది, 1976లో మసీదైనది. గోడలు అవే, లోపలి భాష మాత్రము మారుచు వచ్చినది.

హ్యూగెనాట్ల ఫ్రెంచి కొన్ని తరములకే వీథినుండి మాసిపోయెను. ల్వాజో అను ఇంటిపేరువారు, ఆ మాటకు పక్షి అని అర్థము గనుక, బర్డ్ అయిరి. లెన్వార్ అను నల్లవారు బ్లాక్ అయిరి. అయితే 1550లో రాజశాసనము పొందిన ఫ్రెంచి ప్రొటెస్టెంటు సంఘము మాత్రము నేటికిని సోహో స్క్వేర్‌లోని తన ఆలయమున ఫ్రెంచిలోనే ప్రార్థనలు జరుపుచున్నది. వీథి మరచినదానిని ఒక సంస్థ పట్టుకొనియున్నది.

యూదుల సంగతి ఉపాధ్యాయుడనగుటచే నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది. 1881 తరువాత రష్యా సామ్రాజ్యమున హింసకు తాళలేక వచ్చినవారి మాతృభాష యిడ్డిష్. ఈ పేటలోని బెల్ లేన్‌లో యూదుల ఉచిత పాఠశాల ఉండెడిది. 1900 ప్రాంతమున అందు ఇంచుమించు నాలుగువేలమంది పిల్లలు చదువుచుండిరి. పిల్లలను యిడ్డిష్ మాన్పించి ఇంగ్లీషువారినిగా తీర్చుటయే ఆ బడి ఉద్దేశము. అది నెరవేరినది. పిల్లలు చదువులలో, వర్తకములలో పైకి వచ్చిరి. తాతలతో మాటాడుటకు మాత్రము మాట కరవైనది. ఆ ఉపాధ్యాయులను నిందించుటకు నాకు నోరు రాదు. ఆకలితో వచ్చిన పిల్లలకు ముందు అన్నపు దారి చూపవలెను గదా! కాని రెండు భాషలు ఒక పిల్లవాని తలలో ఇముడవని వారు తలచుట సరికాదని, మూడు భాషలు ధారాళముగా మాటాడు మన ఐదవ తరగతి పిల్లలను చూచినవారెవరైనను చెప్పగలరు. ఆ బడి 1939లో ఆ పేటను విడిచి, 1958లో వేరొకచోట మరల తెరవబడినది.

నేడు బ్రిక్ లేన్‌లో వీథుల పేర్లు ఇంగ్లీషు క్రింద బెంగాలీ లిపిలోను వ్రాసియున్నవి. సిల్హెట్ ప్రాంతము వారు ఓడలమీద కూలీలుగాను, పిదప కుట్టుపనివారుగాను వచ్చి ఇచ్చట స్థిరపడిరి. ఆ వీథి దక్షిణపు కొసకు దగ్గరలో అల్తాబ్ అలీ పార్కు కలదు. 1978 మే 4వ తేదీన పనినుండి ఇంటికి పోవుచుండగా, జాతిద్వేషముచే చంపబడిన యువకుని పేరది. పదిదినములకు ఏడువేలమంది వరకు అతని శవపేటిక వెంట ప్రధానమంత్రి నివాసమువరకు నడచిరి. ఆ పార్కులో 1999లో ఒక చిన్న షహీద్ మినార్ నిలిపిరి. మాతృభాషకై 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో కాల్పులకు బలియైనవారి స్మారకమునకు ఇది ప్రతిరూపము. ఆ సంవత్సరముననే డిసెంబరు 15న మదరాసులో పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో ప్రాణము విడిచిన సంగతి మనకు తెలియనిది కాదు.

ఆ దీక్షాఫలముగా రాష్ట్రము వచ్చినది. సరిహద్దుకు ఈవల మనము మిగిలితిమి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యము కల్పింప యత్నింపవలెనని 1956లో చేర్చిన 350-ఎ అధికరణము మనకు ఉన్నది. బెల్ లేన్ పిల్లలకు అట్టిదేమియు లేదు. అధికరణమున్నను, ఒకటవ తరగతిలో చేర్చుటకు పిల్లవానిని చేయిపట్టుకొని తీసికొనిరావలసినది తల్లిదండ్రులే.

తొమ్మిదవ తరగతి విద్యార్థులకు ఈ వ్యాసముపై ఒక అభ్యాసము ఇచ్చుచున్నాను. దసరా సెలవులలో ఇద్దరిద్దరుగా మన ఊరి పాతపేటలలో నడువుడు. వీథిపేర్లను వ్రాసికొని, ఏ వృత్తివలన, ఏ కులమువలన, ఏ దేవాలయమువలన ఆ పేరు వచ్చినదో పెద్దలను అడుగుడు. ఒక వీథిలోని అంగళ్ల పలకలమీద ఏ ఏ లిపులున్నవో లెక్కింపుడు. తెలుగు కాపురములలో అవ్వలు ఏ భాష మాటాడుదురో, మనుమలు ఏ భాషలో బదులిత్తురో విని, విన్నది విన్నట్లు నోటుపుస్తకమున వ్రాసి, బడి తెరచిన మొదటి సోమవారమున నాకు ఈయవలెను.