పుట్టిన తేదీ - ముందే చూసుకుందాం

"నీ వయసెంత?" అని అడిగితే మన పెద్దవాళ్లు ఏం చెబుతారు? "దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు పుట్టాను" అంటారు. "మా పెద్దక్క పెళ్లినాటికి నేను చంకలో పిల్లను" అంటారు. ఇవి అబద్ధాలు కావు. కానీ ఆఫీసు కాగితంలో ఇట్లా రాస్తే కుదరదు. తేదీ, నెల, సంవత్సరం కావాలి. ఆ మూడు అంకెల మీదే ఉద్యోగి పదవీ విరమణ ఆధారపడి ఉంటుంది.

కాగితం మీద తేదీ ఎట్లా పడుతుంది?

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక పిల్లవాడు 1977 ఆగస్టులో పుట్టాడనుకోండి. ఆ నవంబరు 19న ఉప్పెన వచ్చింది. అప్పటికి వాడు మూడు నెలల పసివాడు. ఇంట్లో ఎవరూ పుట్టుక రాయించలేదు.

1981 జూన్‌లో తండ్రి వాణ్ణి బడికి తీసుకుపోయాడు. పిల్లవాడికి ఇంకా నాలుగేళ్లు నిండలేదు. "పుట్టిన తేదీ ఎంత?" అని పంతులుగారు అడిగారు.

"నాకేం తెలుసు పంతులుగారూ! మీరే ఏదో ఒకటి రాయండి" అన్నాడు తండ్రి.

అయిదేళ్లు నిండినట్టు పంతులుగారు వేళ్ల మీద లెక్క కట్టారు. 1976 జూన్ 1 అని రాశారు. పిల్లవాడు బడిలో చేరాడు. అందరికీ సంతోషమే.

అదే తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌లోకి వచ్చింది. తరువాత అతనికి ఆఫీసులో అటెండరు ఉద్యోగం వచ్చింది. సర్టిఫికెట్ చూసి అదే తేదీని సర్వీసు రిజిస్టరులో రాశారు. అతను సంతకం పెట్టాడు, వేలిముద్రలు వేశాడు.

ఇందులో నష్టం ఎంత?

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగులకు పదవీ విరమణ వయసు 2022 నుంచి 62 ఏళ్లు. తెలంగాణలో 2021 నుంచి 61 ఏళ్లు. వయసు నిండిన నెల చివరి రోజున ఉద్యోగి దిగిపోతాడు. పుట్టింది నెల మొదటి తేదీ అయితే, ముందు నెల చివరి రోజే దిగిపోవాలి.

మన అటెండరుది ఆంధ్రప్రదేశ్ అనుకుందాం. కాగితం ప్రకారం అతను 2038 మే 31న దిగిపోవాలి. నిజం వయసు ప్రకారం అయితే 2039 ఆగస్టు 31 దాకా పని చేయవచ్చు. అంటే పదిహేను నెలల జీతం పోతుంది. కూతురి పెళ్లో, ఇంటి అప్పో మిగిలి ఉంటే ఆ పదిహేను నెలలు ఎంత విలువైనవో మీకే తెలుసు.

చివర్లో అర్జీ పెడితే?

చాలామంది రిటైర్మెంటు దగ్గరపడ్డాక అర్జీ పెడతారు. "నా అసలు తేదీ ఇది కాదు, మార్చండి" అంటారు. అప్పటికి ఆలస్యం అయిపోతుంది.

మన రాష్ట్రంలో 1984లో దీనికి నిబంధనలు వచ్చాయి. సర్వీసు రిజిస్టరులో ఒకసారి రాసిన పుట్టిన తేదీయే ఖాయం. రాతలో పొరపాటు జరిగితేనే దిద్దుతారు. సర్టిఫికెట్‌లో 1966 అని ఉంది, గుమస్తా 1960 అని ఎక్కించాడు అనుకోండి. అది రాత పొరపాటు. పంతులుగారు ఉజ్జాయింపుగా వేసిన తేదీ రాత పొరపాటు కిందికి రాదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1979లో ఒక గడువు పెట్టారు. ఉద్యోగంలో చేరిన అయిదేళ్ల లోపల అడగాలి. నిజమైన పొరపాటు అని రుజువు చూపాలి. ఇంకో షరతు కూడా ఉంది. కొత్త తేదీ ప్రకారం చూస్తే, ఉద్యోగంలో చేరిన నాటికి తక్కువ వయసు అయి ఉండకూడదు.

ఒక కేంద్ర ఉద్యోగి 1956లో చేరాడు. 1991లో, రిటైర్మెంటుకు కొద్ది నెలల ముందు, తేదీ మార్చమని అడిగాడు. 1993లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 35 ఏళ్లు ఊరుకుని ఇప్పుడు అడగడం చెల్లదని చెప్పింది.

2021లో కర్ణాటక కేసు ఒకటి సుప్రీంకోర్టుకు వచ్చింది. ఆ ఉద్యోగి చేరిన 24 ఏళ్ల తరువాత అడిగాడు. గట్టి రుజువు ఉన్నా తేదీ మార్పును హక్కుగా అడగలేరని, ఆలస్యం ఒక్కటే కాదనడానికి చాలునని కోర్టు తీర్పు ఇచ్చింది.

ఇది చిన్న ఉద్యోగుల సంగతే అనుకోకండి. జనరల్ వి.కె. సింగ్ మన సైన్యానికి అధిపతిగా పనిచేశారు. సైన్యంలో చేరడానికి చిన్నప్పుడు నింపిన ఫారంలో పుట్టిన ఏడు 1950 అని పడింది. పదో తరగతి సర్టిఫికెట్‌లో 1951 అని ఉంది. ఆయన 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. కోర్టు ఆయన మాటకు ఒప్పుకునేటట్టు కనిపించలేదు. ఫిబ్రవరి 10న కేసు వెనక్కు తీసుకున్నారు. ఆ మే 31న పదవి దిగిపోయారు.

ఎందుకు ఇంత గట్టిగా ఉంటారు?

"నిజం చెప్పినా వినరా? ఇదేం న్యాయం?" అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. నిజంగా నష్టపోయేవాళ్లు ఉన్నారు. తల్లిదండ్రులకు చదువు రాకపోవడం ఆ పిల్లవాడి తప్పు కాదు.

అయితే రెండో వైపు కూడా చూడాలి. ఒకరు దిగితేనే వెనక ఉన్నవారికి ప్రమోషను వస్తుంది. వారు ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ ఉంటారు. చివరి రోజుల్లో తేదీ మారితే వారి నోటి దగ్గరి కూడు పోతుంది. పైగా ముప్పై ఏళ్ల తరువాత సాక్ష్యం ఎవరు చెబుతారు? మంత్రసాని ఉండదు. పంతులుగారు ఉండరు. దొంగ కాగితం తెచ్చేవాడికీ, నిజం చెప్పేవాడికీ తేడా తెలుసుకోవడం కష్టం.

అందుకే చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. ముందే జాగ్రత్తపడాలి.

మనం ఏం చెయ్యాలి?

1. బిడ్డ పుట్టిన 21 రోజుల లోపల పుట్టుక రాయించాలి. సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆలస్యమైతే రుసుము కట్టాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి.

2. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు ఈ సర్టిఫికెట్ మరీ ముఖ్యం. బడిలో చేరడానికి, ప్రభుత్వ ఉద్యోగానికి పుట్టిన తేదీ రుజువుగా దీన్నే అడుగుతారు.

3. బడిలో చేర్చేటప్పుడు "ఏదో ఒకటి రాయండి" అనకండి. సర్టిఫికెట్ చూపించండి. రాసింది చదివి చూడండి.

4. పదో తరగతి పరీక్షకు పేర్లు పంపేటప్పుడు తేదీ మళ్లీ సరిచూడండి. తప్పు ఉంటే అప్పుడే హెడ్మాస్టరుకు చెప్పండి.

5. ఉద్యోగంలో చేరిన రోజునే సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ చదవండి. చదివిన తరువాతే సంతకం పెట్టండి. తప్పుంటే వెంటనే రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. అర్జీ అందినట్టు రసీదు తీసుకుని దాచుకోండి.

ఒకప్పుడు మన తేదీని వేరొకరు రాశారు. మనం వేలిముద్ర వేశాం. ఇప్పుడు మనకు చదవడం వచ్చు. మన తేదీని, మన పిల్లల తేదీని మనమే చదివి చూసుకుందాం.

కొత్త మాటలు

పదవీ విరమణ: ఉద్యోగం నుంచి దిగిపోవడం, రిటైర్ కావడం.
సర్వీసు రిజిస్టరు: ఉద్యోగి వివరాలు రాసే పుస్తకం.
ఉజ్జాయింపు: సుమారు లెక్క.

చెప్పండి

1. 1984 నిబంధనల ప్రకారం ఎటువంటి తప్పును దిద్దుతారు?
2. ఒక ఉద్యోగిని 1970 జూలై 1న పుట్టింది. ఆమె ఆంధ్రప్రదేశ్‌లో పని చేస్తోంది. ఏ రోజున దిగిపోతుంది?
3. రిటైర్మెంటు ముందు తేదీ మారిస్తే ఎవరికి నష్టం?

చెయ్యండి

ఈ రాత్రి ఇంట్లో కాగితాలన్నీ బయటికి తీయండి. ఆధార్ కార్డు, బడి సర్టిఫికెట్, రేషను కార్డు పక్కపక్కన పెట్టండి. ప్రతి ఒక్కరి పుట్టిన తేదీ నోటుబుక్కులో రాయండి. అన్నిటిలో ఒకటే తేదీ ఉందా? తేడా ఉంటే రేపు ఆ నోటుబుక్కు కేంద్రానికి తీసుకురండి. ఎక్కడ అర్జీ పెట్టాలో అందరం కలిసి చూద్దాం.