ఉప్పుచేప లెక్క

నేపర్‌విల్,
మార్చి, ఆదివారం.

చిట్టితల్లికి మావయ్య ఆశీస్సులు.

 ఇక్కడ వాకిట్లో మంచు ఇంకా కదల్లేదు. డాలస్‌లో మీరు అప్పుడే ఫ్యాన్లు వేసుకుంటున్నారని విని మీ అత్తయ్యా, నేనూ కాస్త కుళ్లుకున్నాం.

మొన్న ఫోన్లో ఒకే గుక్కలో మూడు సంగతులు చెప్పావు. పంది మాంసం నీకు సయించదు కాబట్టి టర్కీ బేకన్‌కి మారావు. నీ కర్నూలు రూమ్మేటు ముస్లిం పిల్ల కాబట్టి ఇద్దరికీ ఒకటే పాకెట్ సరిపోతోంది. జూన్‌లో మీ నాన్న వచ్చాక ఆయన బీపీకి కూడా ఇదే మంచిదని రోజూ పొద్దున్నే పెట్టాలనుకుంటున్నావు. "మంచిదే కదా మావయ్యా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోగా బస్సు వచ్చిందని పెట్టేశావు. ఫోన్లో తెమిలేది కాదులే అని కాగితం తీశాను.

నువ్వడిగింది ఒక ప్రశ్న అనుకుంటున్నావు గానీ, మూడమ్మా. నీది నోటి ప్రశ్న. నీ స్నేహితురాలిది నియమం. మీ నాన్నది ఉప్పు. ముగ్గురికీ ఆ పాకెట్ ఒకే జవాబు చెప్పదు.

అసలు బేకన్ అంటే ఏమిటో ముందు చూద్దాం. అమెరికాలో మామూలుగా అది పంది పొట్టభాగం. దానికి ఉప్పు, కాస్త చక్కెర, సోడియం నైట్రైట్ పట్టించి ఊరబెట్టి, పొగబెట్టి, పల్చగా కోస్తారు. ఆ నైట్రైట్ వల్లే మాంసం గులాబీ రంగులో నిలుస్తుంది, బొట్యులిజం తెచ్చే క్రిమి పెరగదు. ఫ్రిజ్‌లు లేని కాలంలో మాంసాన్ని దాచుకునేందుకు పుట్టిన ఉపాయం ఇది. మన మాటల్లో చెప్పాలంటే వీళ్ల ఉప్పుచేప.

మీ అమ్మమ్మ ఉప్పుచేప ఎలా పెట్టేదో మీ అమ్మనడుగు. అరచేతిలో పట్టేంత చేపను నాలుగు ముక్కలు చేసి, పెనం మీద కాల్చి, పప్పుచారు అన్నంలోకి తలా ఒకటి వేసేది. రెండోది అడిగితే, "రాత్రంతా మంచినీళ్ల బిందె పక్కనే పడుకుంటావేంట్రా?" అనేది. అందులో బలం ఉందని గానీ, ఒంటికి మంచిదని గానీ ఆవిడ ఎన్నడూ అనలేదు. నంజుకోవడానికి అంది, అంతే.

ఇక టర్కీ బేకన్. ఎక్కువ రకాల్లో టర్కీ తొడ దగ్గరి ముదురు మాంసాన్నీ, లేత రంగు మాంసాన్నీ సన్నగా తరిగి, ఉప్పూ దినుసులూ కలిపి, పొరలుగా పేర్చి, పొగబెట్టి ముక్కలు కోస్తారు. పాకెట్ విప్పి చూడు. అన్నీ స్కేలు పెట్టి గీసినట్టు ఒకటే పొడవు, ఒకటే చార. పంది ముక్క మీది చార దాని ఒంటి కొవ్వు. టర్కీ ముక్క మీది చార మనిషి వేసింది.

ఈ పక్షికి పేర్ల గొడవ కొత్త కాదులే. పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. ఇంగ్లీషు వాళ్లు టర్కీ అన్నారు. టర్కీ దేశస్థులేమో "హిందీ" అంటారు, అంటే మనదని! గోవా నుంచి తెచ్చిన ఒక టర్కీని చూసి జహంగీర్ పాదుషా ముచ్చటపడితే, ఆయన కొలువులోని ఉస్తాద్ మన్సూర్ దాని బొమ్మ గీశాడు. అది 1612 నాటి మాట. పేరు చూసి ఊరు చెప్పలేని పక్షి ఇది. దాని బేకన్ సంగతీ అంతే. పేరు దగ్గర ఆగిపోకూడదు.

ఆగిపోయి నేను చేసిన తప్పొకటి చెబుతాను. 1993లో చికాగోలో చదువుకునే రోజుల్లో క్యాంపస్ కెఫెటీరియాలో పొద్దున ఐదింటి షిఫ్టు నాది. నవారు మంచమంత ఇనప పెనం. ఎడమవైపు పంది బేకన్, కుడివైపు గుడ్లు. పంది బేకన్ వేసిన రెండు నిమిషాలకే కొవ్వు కరిగి, అంచులు ముడుచుకుంటూ, తన నూనెలో తనే చిటపటా వేగేది. టర్కీ ముక్కకు అంత కొవ్వెక్కడిది? పొడి పెనం మీద వేస్తే అతుక్కుపోయేది. అందుకని పక్కన మడుగు కట్టిన బేకన్ నూనెను అట్లకాడతో ఇవతలికి లాగి, టర్కీ ముక్కల్ని అందులో వేయించేవాణ్ణి. అదో తెలివితేట అనుకున్నాను.

హాస్టళ్ల బాయిలర్లు చూసే పెద్దాయన ఒకాయన రోజూ వచ్చేవాడు. నల్లజాతి ముస్లిం. రెండు టర్కీ ముక్కలు, రెండు టోస్టులు, నల్ల కాఫీ. చికాగోలో అలాంటి కుటుంబాలకు పంది మానడమంటే ఒక తిండి మానడం మాత్రమే కాదు, బతుకును కొత్తగా దిద్దుకున్నామని చెప్పుకోవడం. ఆకుకూరల్లో పంది కాలి ఎముక వేసి ఉడికించే పాత వంటను కూడా పొగబెట్టిన టర్కీ ముక్కతో మార్చుకున్న ఇళ్లు అక్కడ ఎన్నో. ఆ సంగతులేవీ అప్పటికి నాకు తెలియవు. ఒకరోజు వరసలో ముందు నిలబడి నా అట్లకాడ ఎటు నుంచి ఎటు వెళ్తోందో ఆయన చూశాడు. నేను చాపిన ప్లేటు అందుకోలేదు. కోప్పడలేదు కూడా. "బాబూ, నేను పంది మానేసి 30 ఏళ్లయింది. కాదు, మానేశాననుకుని," అని, టోస్టులు మాత్రం తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి టర్కీకి వేరే చిన్న పెనం, వేరే అట్లకాడ పెట్టాను. ఆయన మళ్లీ ఎప్పుడూ టర్కీ అడగలేదు. గుడ్డు కూడా ఉడకబెట్టినదే అడిగేవాడు.

అందుకే నీ స్నేహితురాలి సంగతి ముందు చెబుతున్నాను. టర్కీ అయినంత మాత్రాన హలాల్ కాదు. ఆ పక్షిని కోసిన పద్ధతి కూడా లెక్కే. పాకెట్ మీద హలాల్ ధ్రువీకరణ ముద్ర ఉందో లేదో చూసుకోవాలి. ఆ పిల్ల మొహమాటానికి చెప్పలేకపోతోందేమో, నువ్వే అడుగు. బయట టిఫిన్‌కి వెళ్తే ఏ పెనం మీద కాలుస్తున్నారో కూడా అడగండి, సిగ్గుపడాల్సిన పని లేదు. ఇంకోటి, హలాల్ కొట్లలో బేకన్ అని అమ్మేది చాలాసార్లు గొడ్డు మాంసం. మీ నాన్న తినరు కాబట్టి చదివి కొను.

నీ సంగతికి పెద్ద విచారమేమీ లేదు. సయించనిది మానేయొచ్చు. కానీ ఫోన్లో "ఛీ, పందా!" అన్నావే, ఆ మాట ఇంకొకరి బల్ల దగ్గర అనకు. ఇక్కడా, మన ఊళ్లలోనూ దాన్ని ఇష్టంగా వండుకునే ఇళ్లున్నాయి. నోటికి నచ్చకపోవడం వేరు, మనిషిని చిన్నచూపు చూడటం వేరు.

మీ నాన్న సంగతికొస్తే కళ్లజోడు పెట్టుకోవాలి. పాకెట్ ముందువైపు కొవ్వు తక్కువ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అది అబద్ధం కాదు. పంది బేకన్ వేగిన ముక్క ఒకటి సుమారు 40 నుంచి 45 కేలరీలైతే, టర్కీది చాలా రకాల్లో 30 నుంచి 40 మధ్య. హృదయానికి చెరుపు చేసే రకం కొవ్వు కూడా తక్కువే. అయితే ఒక కిటుకుంది. పంది పాకెట్ మీద లెక్క తరచూ రెండు ముక్కలకు వేస్తారు, టర్కీ పాకెట్ మీద ఒక్క ముక్కకు. రెండు పాకెట్లూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు తేడా ఉన్నదానికంటే చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

ఇప్పుడు సోడియం వరస చూడు. టర్కీ ముక్క ఒకటికి 140 నుంచి 200 మిల్లీగ్రాములు. పంది ముక్కకూ ఇంచుమించు అంతే. కొవ్వు తగ్గితే రుచి తగ్గుతుంది, ఆ లోటు ఉప్పుతోనే పూడ్చాలి మరి. ముక్కకు 180 అనుకున్నా నాలుగు ముక్కలకు 720. అమెరికా లేబుళ్లు రోజుకు గరిష్ఠంగా చూపే లెక్క 2,300. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2,000 దాటొద్దంటుంది. అంటే పొద్దున టిఫిన్లోనే దాదాపు మూడో వంతు అయిపోయింది. మధ్యాహ్నం మీ అమ్మ కట్టిచ్చిన ఆవకాయ జాడీ ఎలాగూ తెరుస్తారు. చేప మారింది గానీ ఉప్పు మారలేదు తల్లీ.

నైట్రైట్ మాటా చెప్పాలి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఊరబెట్టిన, పొగబెట్టిన మాంసాలను క్యాన్సర్ కారకాల మొదటి గుంపులో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. ఆ గుంపులోనే పొగాకూ ఉంది కదా అని రెండూ ఒకే స్థాయి ప్రమాదమనుకోకు. రుజువు గట్టిగా ఉందని దాని అర్థం, ముప్పు సమానమని కాదు. కానీ ఇలాంటి మాంసాలకు ఆ విభాగం ఇచ్చిన నిర్వచనంలో కోడిజాతి మాంసానికి మినహాయింపేమీ లేదు. "అన్‌క్యూర్డ్" అని రాసిన పాకెట్ కొంటే సరిపోతుందనీ అనుకోకు. దాని వెనక చిన్నక్షరాల్లో సెలరీ పొడి అని ఉంటుంది. సెలరీ నుంచి వచ్చినా నైట్రైట్ నైట్రైటే.

అయితే మానేయాలా అంటావు. అక్కర్లేదు. అమ్మమ్మ లెక్కలో తిను. నేను చేసే పద్ధతి రాస్తాను. పెనం మీద చెంచాడు నూనె వేసి, సన్నని సెగ మీద ఒక్క ముక్కను అంచులు కరకరలాడేదాకా కాల్చు. ఓవెన్లోనైతే 400 డిగ్రీల ఫారెన్‌హీట్ మీద పావుగంట. కొన్ని రకాలు పచ్చివే కాబట్టి సగం కాల్చి వదిలేయకు. దాన్ని సన్నగా తరిగి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసిన కోడిగుడ్డు పొరటులో కలుపు. ఉప్పు డబ్బా మాత్రం ముట్టుకోకు. ఇద్దరికి ఆ ఒక్క ముక్కే సరిపోతుంది, పొరటంతా పొగ వాసన పడుతుంది. మీ నాన్నకు ఆదివారం ఒక్కరోజు అలా పెట్టు. మిగతా ఆరు రోజులు పెసరట్టు వేయడానికి నీకు బద్ధకమైతే, ఆయనే వేసుకుంటారు. నాకు తెలుసు, మా బావ చేతి పెసరట్టు మీ అమ్మ చేతిదానికంటే పల్చగా వస్తుంది.

ఈసారి కొట్టుకు వెళ్లినప్పుడు నువ్వు కొనే పాకెట్ ఫొటో తీసి పంపు. ముందువైపుది కాదు, వెనకవైపుది.

నీ
మావయ్య