బాట్ తనిఖీ దారి మూసినప్పుడు: కడియం నర్సరీదారులు తరచూ అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్‌లోని కడియం, కడియపులంక నర్సరీల్లో మొక్కల బేరం తోటలోనే కుదిరినా జీఎస్‌టీ రిటర్ను, రైలు టికెట్టు, బ్యాంకు పని ఫోన్‌లోనే సాగుతున్నాయి. భద్రత కోసం వీపీఎన్ పెట్టుకున్న వారిని కొన్ని వెబ్‌సైట్లు "మీరు మనిషేనా?" అని అడిగి గుమ్మంలోనే నిలిపేస్తున్నాయి. అలాంటప్పుడు ఏం చేయాలో ఈ జవాబులు చెబుతాయి.

ఈ జవాబుల్లో "బాట్ తనిఖీ" అంటే వచ్చినది మనిషో, యంత్ర ప్రోగ్రామో తేల్చడానికి వెబ్‌సైట్ పెట్టే పరీక్ష. కాప్చా అందులో ఒక రకం. "గోప్యతా అమరికలు" అంటే వీపీఎన్ (వేరే సర్వరు మీదుగా ఇంటర్నెట్‌కు కలిపే సేవ), కుకీల నిరోధం, ప్రకటనల నిరోధం, జావాస్క్రిప్ట్ నిలుపుదల వంటివి. "సేవాసంస్థ" అంటే ఆ వెబ్‌సైట్‌ను నడిపే ప్రభుత్వ లేదా ప్రైవేటు సంస్థ.

1. గోప్యతా అమరికలు ఉంటే బాట్ తనిఖీ ఎందుకు అడ్డుకుంటుంది?

బాట్ తనిఖీ మీ ఐపీ చిరునామాను, బ్రౌజర్ తీరును, కుకీలను చూస్తుంది. వీపీఎన్‌లో ఎంతోమంది ఒకే ఐపీ చిరునామాతో కనిపిస్తారు. వారిలో ఒకరు బాట్ నడిపినా అందరి మీదా అనుమానం పడుతుంది. మొబైల్ డేటాలోనూ ఒకే చిరునామాను పలువురు పంచుకుంటారు కనుక వీపీఎన్ లేనివారికీ అడ్డంకి రావచ్చు. జావాస్క్రిప్ట్ ఆపితే చాలా బాట్ తనిఖీలు నడవవు. కుకీలు ఆపితే తనిఖీ దాటిన గుర్తు నిలవక, అదే ప్రశ్న మళ్లీ వస్తుంది. వీపీఎన్ సర్వరు విదేశంలో ఉంటే, విదేశీ చిరునామాలను అనుమతించని ప్రభుత్వ వెబ్‌సైట్లు తెరుచుకోవు.

2. వీపీఎన్ వాడటం నేరమా?

వీపీఎన్‌ను దేశమంతటా నిషేధించే చట్టం లేదు. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాలు ఖాతాదారుల వివరాలను 5 ఏళ్లు భద్రపరచాలన్న బాధ్యతను వీపీఎన్ అందించే సంస్థల మీద పెట్టాయి, వాడేవారి మీద కాదు. రెండు మినహాయింపులున్నాయి. జమ్మూకశ్మీర్‌లో కొన్ని జిల్లాల్లో జరిగినట్టు, స్థానిక అధికారి తాత్కాలికంగా నిషేధిస్తే ఆ ఉత్తర్వు పాటించాలి. వీపీఎన్ చాటున చేసినా నేరం నేరమే.

3. నన్ను ఆపే హక్కు సేవాసంస్థకు ఉందా?

ఉంది. బాట్ తనిఖీ పెట్టడం చట్టవిరుద్ధం కాదు. ఉదాహరణకు, రైలు తత్కాల్ బుకింగు తెరిచిన తొలి 5 నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో సగం వరకు బాట్లవేనని, అనుమానాస్పదమైన 2.5 కోట్ల యూజర్ ఐడీలను నిలిపివేశామని రైల్వే శాఖ 2025 జూన్‌లో ప్రకటించింది. అయితే డబ్బు తీసుకున్నాక సరైన కారణం లేకుండా సేవ నిరాకరిస్తే అది సేవాలోపం కిందికి రావచ్చు.

4. బాట్ తనిఖీ సేకరించే నా సమాచారంపై నాకు ఏ హక్కులున్నాయి?

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం మీ డేటా సారాంశం కోరే హక్కు (సెక్షన్ 11), సవరణ, తొలగింపు కోరే హక్కు (సెక్షన్ 12), ఫిర్యాదు పరిష్కార హక్కు (సెక్షన్ 13) ఉన్నాయి. నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి; ఈ హక్కులకు సంబంధించిన నిబంధనలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. అప్పుడు కూడా ముందు సేవాసంస్థకే ఫిర్యాదు చేయాలి. ఆ మెట్టు దాటాకే డేటా పరిరక్షణ బోర్డు. నేరాల నివారణ, దర్యాప్తు కోసం వాడే డేటాకు సెక్షన్ 17లో మినహాయింపులున్నాయి.

5. గోప్యతా అమరికలన్నీ తీసేయాలా?

అక్కర్లేదు. వెబ్‌సైట్ చిరునామా సరిచూసుకున్నాక, ఆ ఒక్క వెబ్‌సైట్‌కే మినహాయింపు ఇచ్చి, పని ముగిశాక రద్దు చేయండి. వరుస ఇది: ఫోన్ తేదీ, సమయం సరిచూడడం, వీపీఎన్‌ను భారత సర్వరుకు మార్చడం లేదా కాసేపు ఆపడం, ఆ వెబ్‌సైట్‌కు కుకీలు, జావాస్క్రిప్ట్ అనుమతించడం, వేరే నెట్‌వర్కుతో ప్రయత్నించడం. కాప్చాను తామే పూరిస్తామనే ఎక్స్‌టెన్షన్లు పెట్టుకోవద్దు. వాటికిచ్చే అనుమతులతో మీ పాస్‌వర్డులకే ముప్పు రావచ్చు.

6. "నేను రోబోను కాను" అనే పేజీ ఏదో కమాండును అతికించి ఎంటర్ నొక్కమంటే?

వెంటనే మూసేయండి. నిజమైన బాట్ తనిఖీ కంప్యూటర్‌లో కమాండు నడపమని గానీ, ఓటీపీ, కార్డు పిన్ చెప్పమని గానీ అడగదు. ఇప్పటికే నడిపి ఉంటే ఇంటర్నెట్ తెంచి, వేరే పరికరం నుంచి పాస్‌వర్డులు మార్చండి. డబ్బు పోతే ఆలస్యం లేకుండా 1930కు ఫోన్ చేయండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయండి.

7. గడువు రోజున బాట్ తనిఖీ అడ్డుకుంటే గడువు పెరుగుతుందా?

పెరగదు. ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తేనే గడువు మారుతుంది. మీ ఒక్కరి బ్రౌజర్‌లో వచ్చిన అడ్డంకి దానికి కారణం కాదు. నెలవారీ జీఎస్‌టీఆర్-3బీకి సాధారణ గడువు తర్వాతి నెల 20. ఆ నెల అమ్మకం, కొనుగోలు, పన్ను బాధ్యత ఏదీ లేని నిల్ రిటర్నును, నమోదైన మొబైల్ నుంచి 14409కు ఎస్‌ఎంఎస్ పంపి దాఖలు చేయవచ్చు. మిగతావారు వేరే పరికరం నుంచి గానీ, పన్ను సలహాదారు ద్వారా గానీ గడువులోపే దాఖలు చేయాలి. జీఎస్‌టీ హెల్ప్‌డెస్క్‌లో టికెట్ నంబరు తీసుకోండి. అది ఆధారమే తప్ప ఆలస్య రుసుము మాఫీకి హామీ కాదు.

8. రైలు టికెట్టుకు ఏజెంటు "సాఫ్ట్‌వేర్"తో తనిఖీ దాటిస్తానంటే?

ఒప్పుకోవద్దు. అనుమతి లేకుండా టికెట్ల వ్యాపారం చేస్తే రైల్వే చట్టం, 1989 సెక్షన్ 143 కింద 3 ఏళ్ల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. ఈ సెక్షన్ ఆన్‌లైన్ టికెట్లకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2025 జనవరిలో తేల్చింది. 2025 జూలై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతా ఉండాలి, ముందుగానే ధ్రువీకరించుకోండి. కుదరకపోతే రాజమండ్రి స్టేషన్ రిజర్వేషన్ కౌంటరు ఉంది. అక్కడ ఓటీపీ అడిగితే చెప్పడానికి ఫోన్ వెంట ఉండాలి.

9. చూపులేనివారు చిత్రాల కాప్చా దాటలేకపోతే?

సేవలను, సమాచారాన్ని అందరికీ అందుబాటులో ఉంచాలన్న బాధ్యతలు దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో ఉన్నాయి. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణలో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. శబ్ద కాప్చా గానీ, ప్రత్యామ్నాయం గానీ ఇవ్వాలని రాతపూర్వకంగా కోరండి. స్పందన లేకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

10. ఫిర్యాదు ఎవరికి, ఎన్నాళ్లలో?

ముందుగా ఆధారం: తేదీ, సమయం కనిపించే స్క్రీన్‌షాట్, తెరపై వచ్చిన ఎర్రర్ కోడ్, చెల్లింపు రశీదు.
- ఈ-కామర్స్ సంస్థ: ఫిర్యాదు అధికారి 48 గంటల్లో అందినట్టు తెలిపి, నెలలోపు పరిష్కరించాలి.
- కేంద్ర ప్రభుత్వ సేవ: సీపీగ్రామ్స్ ఫిర్యాదుల పోర్టల్, సాధారణంగా 21 రోజులు.
- రాష్ట్ర ప్రభుత్వ సేవ: పీజీఆర్‌ఎస్ ఫిర్యాదుల వేదిక, లేదా 1100 నంబరు.
- వినియోగదారుల హెల్ప్‌లైన్: 1915.

11. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా?

డబ్బు చెల్లించి పొందే సేవ అయితే, కారణం తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లలోపు వెళ్లవచ్చు. మీరు నివసించే జిల్లాలోనే దాఖలు చేయవచ్చు; చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల వరకు ఫీజు లేదు. వ్యాపార ప్రయోజనం కోసం పొందిన సేవ దీని పరిధిలోకి రాదు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే నర్సరీ నడిపేవారికి మినహాయింపు ఉంది, దాన్ని ఫిర్యాదులోనే స్పష్టంగా రాయాలి. పన్ను రిటర్ను స్వీకరించడం వంటి చట్టబద్ధ విధులపై అక్కడికి వెళ్లొద్దు. సంబంధిత పన్ను చట్టంలోని అప్పీలు మార్గమే సరైనది, దాని గడువు వేరుగా నడుస్తుంది.