మేపాకు కోసం చెట్టెక్కేవారు పాటించవలసిన జాగ్రత్తలు

వేసవిలో పచ్చగడ్డి కరవైనప్పుడు పాడి రైతుకు ఆకుమేతే దిక్కు. గట్లమీది సుబాబుల్, అవిసె, గ్లిరిసీడియా, రావి కొమ్మలు నరికి పశువులకు వేయడం మన గ్రామాలలో మామూలే. పాలలో వెన్న శాతం గురించి సంఘంలో రోజూ మాట్లాడుకుంటాము. ఆ పాలకు మేత తెచ్చే మనిషి క్షేమం కూడా సంఘం పట్టించుకోవలసిన విషయమే.

16 అడుగుల ఎత్తునుంచి జారిన మనిషి ఒక్క సెకనులో నేలకు చేరతాడు. అప్పటికి అతని వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటుతుంది. కాలో, నడుమో, వెన్నుపూసో విరగడానికి అది చాలు. నడుము విరిగి మంచాన పడితే పాలు పితికేదెవరు, గడ్డి కోసేదెవరు? మోపెడు ఆకు కోసం పాడినే అమ్ముకోవలసిన స్థితి రావచ్చు.

ఎందుకు పడతారు?

ఎండుకొమ్మ పైకి గట్టిగా కనబడుతుంది, కాలు మోపగానే విరుగుతుంది. మునగ, అవిసె కొమ్మలు పచ్చివైనా పెళుసే. వాన కురిసిన తరువాత, మంచు పడిన ఉదయం బెరడు జారుతుంది. ఒక చేత్తో కొమ్మ పట్టుకొని, రెండో చేత్తో దూరానికి వంగి గొడ్డలి విసిరినప్పుడు పట్టు తప్పుతుంది. తేనెతుట్టె కదిలితే మనిషి కంగారుపడి చేతులు వదిలేస్తాడు.

ఎక్కేముందు

1. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూడాలి. ఎండుకొమ్మలు, తొర్రలు, పుట్టలు, తేనెతుట్టెలు గమనించాలి.

2. కరెంటు తీగ కొమ్మలలోనుంచి గాని, దగ్గరగా గాని పోతుంటే ఆ చెట్టు ఎక్కనే కూడదు. పచ్చికొమ్మలోనూ, పచ్చి వెదురులోనూ కరెంటు పారుతుంది. కరెంటు సిబ్బందికి చెప్పి, వారు సరఫరా ఆపి కొట్టించవలసిందే.

3. ఒంటరిగా వెళ్ళరాదు. కింద ఒకరు తప్పక ఉండాలి. ఆకు ఏరే ఆడవారినీ పిల్లలనూ కొమ్మ పడే చోటికి దూరంగా ఉంచాలి.

4. కల్లు, సారా తాగినవారు, కళ్ళు తిరిగేవారు, చిన్నపిల్లలు ఎక్కరాదు.

5. నిచ్చెన వేస్తే, ఆనిన చోటు 12 అడుగుల ఎత్తుంటే దాని మొదలు మానునుంచి 3 అడుగుల దూరంలో ఉండాలి. పైభాగం మానుకు తాడుతో కట్టాలి.

చెట్టుమీద

రెండు కాళ్ళూ ఒక చెయ్యీ, లేదా రెండు చేతులూ ఒక కాలూ ఎప్పుడూ పట్టు మీద ఉండాలి. కొడవలి చేతబట్టుకొని ఎక్కరాదు. పైకి చేరాక తాడుతో లాగుకోవాలి. నరకబోయే ముందు నడుమెత్తుకు పైనున్న లావైన పచ్చికొమ్మకు గాని, మానుకు గాని తాడు కట్టుకోవాలి. తాడు పొట్టిగా ఉంటే జారినా ఎక్కువ దూరం పడము. వట్టి నడుము తాడుకన్న భుజాలకూ తొడలకూ పట్టీలున్న సేఫ్టీ బెల్టు ఎంతో మేలు. నరికే కొమ్మమీద నిలబడరాదు, దానికి తాడూ కట్టరాదు.

లావు కొమ్మను రంపంతో కోసేటప్పుడు ముందు కిందివైపు కొంత గాటు పెట్టి, తరువాత దానికి కాస్త బయటగా పైనుంచి కోయాలి. ఇలా చేస్తే కొమ్మ బెరడు చీల్చుకొని మన మీదికి ఊగి రాదు.

గీత కార్మికులు తరతరాలుగా మోకు లేకుండా తాడి ఎక్కరు. అయినా ప్రమాదాలు తప్పడం లేదని 2024లో తెలంగాణ ప్రభుత్వం వారికి కాటమయ్య పేరుతో సేఫ్టీ మోకులు ఇవ్వడం ప్రారంభించింది. రోజూ చెట్టెక్కే నేర్పరులకే రక్షణ అవసరమైతే, ఎప్పుడో ఒకప్పుడు ఎక్కే మనకు ఎంత అవసరమో ఆలోచించండి.

ఎక్కకుండానే ఆకు

అన్నిటికన్న మంచి ఉపాయం చెట్టెక్కే పని లేకుండా చేసుకోవడం. సుబాబుల్, గ్లిరిసీడియాలను గట్లమీద వరుసగా వేసి, మూడడుగుల ఎత్తున కత్తిరిస్తూ ఉంటే మళ్ళీ మళ్ళీ చిగురిస్తాయి. నేలమీద నిలబడే కొడవలితో కోసుకోవచ్చు. సుబాబుల్ ఆకును మాత్రం మొత్తం మేతలో మూడో వంతుకు మించనీయరాదు. అందులోని మిమోసిన్ అనే పదార్థం ఎక్కువైతే పశువుకు హాని చేస్తుంది. పెద్ద చెట్ల ఆకును అందినంతవరకు దోటితో కోయండి, అందనిది వదలండి.

పడితే

పడినవారిని కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తరాదు, లేపి కూర్చోబెట్టరాదు. వెన్ను దెబ్బతిని ఉంటే ఆ కుదుపుతోనే కాళ్ళు పడిపోవచ్చు. తల, మెడ కదలకుండా ఉంచి 108కు ఫోను చేయాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. తప్పనిసరిగా కదల్చవలసివస్తే నలుగురు కలిసి, ఒళ్ళు వంగకుండా చెక్కమీదికి చేర్చాలి. కరెంటు తగిలి ఉంటే సరఫరా ఆగేవరకు ఎవరూ ముట్టుకోరాదు.

ప్రతి సంఘమూ ఒక మంచి తాడు, ఒక సేఫ్టీ బెల్టు, ఒక పొడవైన దోటి కొని సభ్యులకు వంతులవారీగా ఇచ్చే విషయం పాలకవర్గ సమావేశంలో చర్చించవలసిందిగా కోరుతున్నాము. కార్యదర్శులు ఈ పాఠాన్ని పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించగలరు.