గోల్ఫు టీ: ఒక చిన్నవస్తువు బాగుపడిన విధము

విద్యార్థులారా! క్రొత్తవస్తువులను కల్పించుట మహామేధావులకే సాధ్యమనియు, అది పెద్దయంత్రముల విషయముననే జరుగుననియు మీలో పెక్కుమంది తలంతురు. అది సరికాదు. వ్రేలెడు కొయ్యమేకు నొకదానిని తీసికొని, మనుజులు దాని నెట్లు క్రమముగా బాగుచేసిరో విచారింతము.

గోల్ఫు ఆటయందు చిన్న గట్టిబంతిని పొడవైన కఱ్ఱతో కొట్టి, దూరమందున్న గుంతలో పడవేయవలయును. ఒక్కొక్క గుంతకు మొదటిదెబ్బ కొట్టునపుడు మాత్రము బంతిని నేలకంటె కొంచె మెత్తున నిలుపుకొనవచ్చును. అట్లు నిలుపు సాధనమునకు టీ యని పేరు. మనము త్రాగు టీతో దీనికి సంబంధము లేదు.

పూర్వము ఆటగాండ్రు తడియిసుకను చిన్నకుప్పగా నొత్తి, దానిపై బంతి నుంచెడివారు. ఇందు మూడుచిక్కులు గలవు. చేతులు మురికియగును, కుప్ప ప్రతిసారి యొకేయెత్తున నుండదు, ఆట మొదలిడు చోటులందు ఇసుకయు నీరును సిద్ధముగా నుంచవలయును. చిక్కు ఏదియో స్పష్టముగా నెఱుగుటయే బాగుచేయుటకు మొదటిమెట్టు.

1889లో స్కాట్లండువాసులగు విలియం బ్లాక్సమ్, ఆర్థర్ డగ్లస్ అనువారు బంతిని మోయుటకు మూడు రబ్బరుకొమ్ములుగల చిన్నపలకకు పేటెంటు పొందిరి. అది నేలపై నుంచునదే గాని నేలలో దిగునది కాదు. 1892లో ఇంగ్లండున పెర్సీ ఎల్లిస్ రబ్బరుతలకు లోహపుముల్లు చేర్చి, నేలలో గ్రుచ్చునట్లు చేసెను.

తరువాతిమెట్టు బోస్టను నగరమున దంతవైద్యుడగు జార్జి ఫ్రాంక్లిన్ గ్రాంటుది. ఈయన ఆఫ్రికా సంతతివాడు. 1870లో హార్వర్డు దంతవైద్యశాలనుండి పట్టభద్రుడై, అచటనే బోధించెను. అంగిలి చీలి జనించినవారికి కృత్రిమమైన అంగిలి నమర్చుటయందు ప్రసిద్ధుడు. 1899 డిసెంబరు 12వ తేదీన ఈయన పొందిన పేటెంటులోని టీకి క్రింద మొనదేలిన కొయ్యమేకును, పైన వంగెడు రబ్బరుగొట్టమును గలవు. కఱ్ఱ తగిలినను రబ్బరు వంగును గాన, దెబ్బ కడ్డుపడదు. కాని ఆయన దానిని విక్రయింపక మిత్రులకు పంచియిచ్చెను. 1910లో మరణించెను, ఆయన టీని లోకము మఱచెను.

1920 తరువాతి తొలియేండ్లలో న్యూజెర్సీయందలి మఱియొక దంతవైద్యుడు విలియం లోవెల్ తల వెడల్పై పల్లముగానున్న కొయ్యమేకును చేసి, ఎఱ్ఱరంగు పూయించి, రెడ్డీ టీ యను పేర విక్రయించెను. వాల్టర్ హేగన్ వంటి ప్రసిద్ధక్రీడాకారుడు దానిని వాడుటచే అది వ్యాపించెను. గ్రాంటును అమెరికా గోల్ఫుసంఘము గుర్తించినది 1991లో, అనగా ఆయన మరణించిన 81 సంవత్సరములకు. మంచివస్తువును కల్పించుట యొకపని, దానిని లోకమున కందించుట వేఱొకపని యని దీనివలన తెలియుచున్నది.

ఇపుడు మీరే దీనిని బాగుచేయ బూనితిరనుకొందము. మొదట హద్దుల నెఱుగుడు. నియమముల ప్రకారము టీ 4 అంగుళములు మించరాదు. బంతి పోవలసిన దిక్కును చూపరాదు. బంతి వ్యాసము 1.68 అంగుళములకు తగ్గదు; బరువు 45.93 గ్రాములు మించదు. ఇక తల యెట్లుండవలయును? గుండ్రనికుండ కుదురుపై నిలుచునట్లు బంతి గుంటతలపై నిలుచును. పొయ్యికి మూడురాళ్లు చాలినట్లు మూడుకొమ్ములును చాలును; అపుడు బంతికి తాకుడు తక్కువ. కాని సన్ననికొమ్ములు త్వరగా విఱుగును. లోహము విఱుగదు గాని కఱ్ఱకును, గడ్డికోయు యంత్రమునకును హాని చేయును. ప్లాస్టిక్కు చాలకాలముండును గాని, పాఱవేసినచో మట్టిలో కుళ్లదు. కొయ్య త్వరగా విఱుగును గాని, చౌకయైనది, మట్టిలో కలియునది. ఒకగుణమును పెంచిన మఱియొకటి తగ్గును. ఈ రెంటిని తూచుటయే శిల్పియొక్క వివేకము.

అభ్యాసము: బంకమట్టితో మూడుమేకులు చేయుడు. ఒకదాని తల చదునుగను, రెండవదానిది గుంటగను, మూడవదానిది మూడుకొమ్ములుగను ఉండవలయును. ఆరిన పిమ్మట ఒక్కొక్కదానిపై గోలీనుంచి, మెల్లగా నూది చూడుడు. ఏది యెందులకు బాగుగా నిలిపినదో కారణముతో వ్రాయుడు. పిమ్మట మీ యింటిలో రోజును చిక్కుపెట్టు చిన్నవస్తువు నొకదానిని ఈ దృష్టితోనే పరీక్షింపుడు.