కిడ్నీల్లో నీటి తిత్తులు: ఏ దశలో ఏ చికిత్స? ఆరోగ్యశ్రీ ఎక్కడ పనికొస్తుంది?

(మారేడ్‌పల్లి, సికింద్రాబాద్ పరిసర లబ్ధిదారుల కోసం)

స్కానింగ్ రిపోర్టులో “పాలిసిస్టిక్ కిడ్నీ” అని రాశారా? అంటే రెండు కిడ్నీల్లోనూ నీటి తిత్తులు చాలా ఉన్నాయని అర్థం. ఇవి ఏళ్ల తరబడి పెరుగుతూ కిడ్నీల పనిని తగ్గిస్తాయి. ఒకటి రెండు తిత్తులు మాత్రమే ఉంటే అది ఈ జబ్బు కాకపోవచ్చు, కంగారు పడొద్దు. డాక్టరుకు రిపోర్టు చూపించండి.

ఇది ఎవరికి వస్తుంది?

పెద్దవాళ్లలో కనిపించే రకం ఎక్కువగా వారసత్వంగా వస్తుంది. తల్లికి గానీ తండ్రికి గానీ ఉంటే, ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. ఆడ, మగ తేడా లేదు. “పిల్లకు సంబంధాలు రావేమో” అని కొందరు దాచిపెడతారు. దాస్తే జబ్బు ఆగదు, బీపీ పెరుగుతున్నా తెలియకుండా పోతుంది.

దశ 1: కిడ్నీలు ఇంకా పనిచేస్తున్నప్పుడు

జబ్బును పూర్తిగా తీసేసే మందు ఇప్పటికి లేదు. కానీ వేగం తగ్గించవచ్చు. అసలు లాభం ఇక్కడే ఉంది.

• బీపీ 130/80 లోపు ఉంచుకోవాలి. ఎంతవరకు తగ్గించాలో మీ డాక్టరు చెబుతారు. మాత్ర రోజూ వేసుకోవాలి, “బాగానే ఉంది కదా” అని ఆపొద్దు.
• ఉప్పు రోజుకు ఒక చెంచా లోపే. పచ్చళ్లు, అప్పడాలు తగ్గించండి.
• నడుం నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సొంతంగా కొనొద్దు. కిడ్నీలు ఇంకా దెబ్బతింటాయి.
• జ్వరం, మూత్రంలో రక్తం, విపరీతమైన నొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.
• టోల్వాప్టాన్ అనే మందు, జబ్బు వేగంగా పెరుగుతున్న కొందరికి ఇస్తారు. మూత్రం బాగా ఎక్కువ వస్తుంది, లివర్ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి. కిడ్నీ డాక్టరు రాస్తేనే వాడాలి. నెలకు ఎంత ఖర్చో ముందే అడగండి.

బీపీ చూపించుకోవడానికి, మాత్రలకు దగ్గరి బస్తీ దవాఖానాకు వెళ్లండి, డబ్బు కట్టక్కర్లేదు. క్రియాటినిన్ లాంటి రక్త పరీక్షలు కూడా అక్కడే అడగండి. కిడ్నీ డాక్టరు కోసం మనకు దగ్గర్లో గాంధీ ఆసుపత్రి ఉంది, పంజాగుట్టలో నిమ్స్ ఉంది.

దశ 2: డయాలసిస్

కిడ్నీలు బాగా తగ్గాక రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేస్తారు. సాధారణంగా వారానికి 3 సార్లు, ఒక్కోసారి 4 గంటలు. పొట్ట ద్వారా ఇంట్లోనే చేసుకునే పద్ధతీ ఉంది. మిషన్ డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా ఆపరేషన్ ముందే చేయించుకోవాలి, అది సిద్ధం కావడానికి వారాలు పడుతుంది. ఆ చేతికి బీపీ చూడనివ్వొద్దు, సూది వేయనివ్వొద్దు.

దశ 3: కిడ్నీ మార్పిడి

కొత్త కిడ్నీకి ఈ జబ్బు మళ్లీ రాదు. కానీ దాత ఇంటివాళ్లే అయితే జాగ్రత్త. అన్నకు జబ్బు ఉంటే తమ్ముడికీ ఉండొచ్చు. చిన్న వయసులో స్కానింగ్ బాగున్నా సరిపోదు, ఎంఆర్ఐ లేదా జన్యు పరీక్ష అవసరం కావచ్చు. భార్యాభర్తలు కూడా దాతలు కావచ్చు. ఇంట్లో దాత లేకపోతే, నిమ్స్ కేంద్రంగా నడిచే జీవన్‌దాన్‌లో మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారా పేరు నమోదు చేయించుకోండి. డబ్బుకు కిడ్నీ కొనడం, అమ్మడం నేరం. బ్రోకర్లను నమ్మొద్దు.

ఆరోగ్యశ్రీ ఎలా వాడుకోవాలి?

డయాలసిస్, కిడ్నీ మార్పిడి రెండూ పథకంలో ఉన్నాయి. 2023 డిసెంబరు 9 నుంచి పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు.

1. ఆహార భద్రత కార్డు, ఆధార్, పాత రిపోర్టులన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి.
2. పథకంలో ఉన్న ఆసుపత్రిలో ముందుగా ఆరోగ్యమిత్రను కలవండి.
3. అనుమతి వచ్చిందా లేదా అడిగి తెలుసుకున్నాకే చికిత్స మొదలుపెట్టించండి.
4. డబ్బు అడిగితే, అనుమానం ఉంటే 104కు ఫోన్ చేయండి.

చివరిగా ఒక్క మాట

పథకం పెద్ద ఖర్చు భరిస్తుంది. కానీ ఆ ఖర్చు దాకా రాకుండా ఏళ్లు నెట్టుకొచ్చేది రోజూ వేసుకునే బీపీ మాత్రే. ఈ పీడీఎఫ్ చదివాక మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పెద్దయిన పిల్లలకు పంపండి. ఈ వారంలోనే ఒకసారి బీపీ చూపించుకోమని చెప్పండి.