బరువు లాగెడు ట్రాక్టరు: గేరు పడకుండుటకును, జారుటకును కారణములు

ట్రక్కు నిండ ధాన్యపు బస్తాలు వేసికొని కల్లమునుండి రోడ్డెక్కు సమయమున ట్రాక్టరు గేరు పడదు, పడినను గరగరమనును. లేదా ఇంజను పెద్దగా మ్రోగుచుండగా బండి మాత్రము కదలదు. మఱికొన్ని యెడల మిట్ట యెక్కుచుండగా గేరు తనంత తానే ఊడివచ్చును. ఇవి మూడును వేర్వేరు రోగములు. కాని మన గ్రామములందు మూడింటికిని “గేరుబాక్సు పోయినది” అను ఒక్క పేరే వాడుకలో నున్నది. ఆ మాట చెవిని బడినంతనే ట్రాక్టరును నడిమికి విడదీయు మేస్త్రీలు కలరు. కోతల దినములలో సంఘపు ట్రాక్టరు షెడ్డులో నిలిచిపోయినచో నష్టము మరమ్మతు ఖర్చుతో తీరదు; వంతు కొఱకు కనిపెట్టుకొనియున్న సభ్యుల ధాన్యము వానకు తడియును. కావున, విప్పుటకు ముందు బయటనుండియే పరీక్షింపదగిన సంగతుల నిచట వ్రాయుచున్నాము.

ఇంజనుకును గేరుబాక్సునకును నడుమ క్లచ్చు ఉన్నది. ఇంజను చక్రమునకును ప్రెషరు ప్లేటునకును మధ్య క్లచ్చు ప్లేటు స్ప్రింగుల బలముచే బిగియబట్టబడి యుండును. పెడలు త్రొక్కినపుడు ఆ పట్టు వదలును. కాలు తీసినపుడు మఱల పట్టును. పెడలును చేతితో మెల్లగా నొక్కి చూడుడు. మొదట కొంతదూరము ఏ బరువును లేక తేలికగా దిగును. దానినే మేస్త్రీలు ఫ్రీప్లే అందురు. చాలా ట్రాక్టర్లకు ఇది ఇంచుమించు 1 అంగుళము ఉండవలెను. సరియైన కొలత ట్రాక్టరుతో వచ్చిన పుస్తకమునందు ఉండును. ఆ పుస్తకము కార్యదర్శి బీరువాలో భద్రముగా నుండుట కంటె డ్రైవరు చేతిలో నలుగుట మేలు.

ఈ చిన్న కొలతలోనే సగము రోగములు దాగియున్నవి. తేలికదూరము మితిమీరినచో, పెడలు అడుగంట త్రొక్కినను క్లచ్చు పూర్తిగా వదలదు. గేరుబాక్సులోని చక్రములు తిరుగుచునే యుండుటచే గేరు వేయునపుడు పండ్లు ఒరసికొని అరచును. తేలికదూరము బొత్తిగా లేనిచో, కాలు తీసినను బేరింగు లోపలి ఫింగర్లను నొక్కుచునే యుండును. అప్పుడు పట్టు చాలక ప్లేటు జారును. ప్లేటు అరిగిన కొలది ఈ దూరము దానంతటదే తగ్గుచుండును గనుక ఒకసారి సరిచేసితిమని ఊరకుండరాదు.

మేమెఱిగిన యొక సంఘమున గేరు పడుటలేదని గేరుబాక్సు అంతయు విప్పించిరి. లోపల పండ్లన్నియు చెక్కుచెదరక యున్నవి. తుదకు పెడలు కడ్డీ మరను నాలుగు చుట్లు త్రిప్పి బిగించినంతనే గేరు మెత్తగా పడినది. రెండు స్పానర్లతో తీరవలసిన పనికి రైతులు ఆఱు దినములు బాడుగ బండ్లు తెచ్చుకొనిరి.

కొలత సరిగా నున్నదని రూఢియైన పిమ్మట రెండు పరీక్షలు చేయవలెను. మొదటిది: ట్రక్కును విడదీసి, చదునైన చోట, ముందు మనుష్యులెవరును లేకుండ చూచి, రెండు బ్రేకు పెడళ్లను కొక్కెముతో కలిపి గట్టిగా త్రొక్కి, పై గేరు వేసి, ఇంజను మధ్యరకము వేగముతో నుండగా క్లచ్చు వదలుడు. ఇంజను వెంటనే ఆగిపోవలెను. ఆగక తిరుగుచునే యున్నచో ప్లేటు జారుచున్నది. ఈ పరీక్షను మాటిమాటికి చేయరాదు, ప్లేటు కాలును. రెండవది: న్యూట్రలులో ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగా క్లచ్చు త్రొక్కి, కొన్ని క్షణములు తాళి, వెనుక గేరు వేయుడు. అప్పటికిని గరగరమన్నచో క్లచ్చు వదలుట లేదు.

వర్షకాలమున దమ్ము చేసిన ట్రాక్టర్లకు ప్రత్యేకముగా ఒక జబ్బు వచ్చును. చాలా ట్రాక్టర్లకు క్లచ్చు గూటి అడుగున ఒక రంధ్రముండును. లోన చేరిన నూనె, నీరు కారిపోవుటకది ఉద్దేశింపబడినది. దమ్ములో దిగునపుడు దానికి మర బిరడా పెట్టవలెను. దమ్ము ముగిసిన పిదప తీయవలెను. పెట్టుట మఱచినచో బురదనీరు క్లచ్చులో చొచ్చును. తీయుట మఱచినచో సీలునుండి కారిన నూనె అచటనే నిలిచి ప్లేటును తడుపును. నీరు చొచ్చిన ట్రాక్టరును చాలకాలము కదపక నిలిపినయెడల ప్లేటు త్రుప్పుతో ఇంజను చక్రమునకు అంటుకొనును. అందుచేతనే, దీర్ఘకాలము నిలుపునపుడు పెడలును త్రొక్కియుంచి చెక్కముక్కతో ఆపవలెనని తయారీదారులు వ్రాయుదురు.

గేరుబాక్సు నూనెను గూడ అప్పుడే చూడవలెను. కొలకఱ్ఱకు అంటిన నూనె పాలవలె తెల్లగా నున్నచో నీరు కలిసినది, ఆలసింపక మార్చవలెను. పెక్కు ట్రాక్టర్లలో ఈ నూనెయే హైడ్రాలిక్కునకును పనిచేయును గనుక, చేతికందిన ఇంజను నూనె పోయుట తగదు. అమెరికాలో 1940 నాటి ఓల్డ్స్‌మొబైలు కార్ల నుండి తానే గేరు మార్చుకొను ఏర్పాటు వాడుకలోనికి వచ్చినది. అట్టి లారీలకు బరువు తగిలించినపుడు గేరు జారినచో, అచటివారు మొట్టమొదట చూచునది నూనె మట్టమును, అది మాడిన వాసనయునే. మన ట్రాక్టర్ల రీతి వేరైనను ఈ యలవాటు మనకును పనికివచ్చును.

ఇక గేరు ఊడివచ్చుట. ఇది నిజముగా గేరుబాక్సు రోగమే. గేరు కడ్డీని పట్టియుంచు గోలీ స్ప్రింగు సడలినను, ఫోర్కు వంగినను, అరిగినను, పండ్ల అంచులు గుండ్రబడినను బరువు మీద గేరు నిలువదు. పండ్లు గుండ్రబడుటకు ముఖ్యకారణము బండి కదలుచుండగానే హైలో లీవరును లాగుట. కొందఱు డ్రైవర్లు గేరు కడ్డీని త్రాడుతో సీటుకు కట్టి నడుపుట చూచితిమి. ఇంతకంటె అపాయకరమైన ఉపాయము లేదు. బ్రేకులు లేని ట్రక్కులో చెఱకు నింపుకొని కాలువగట్టు దిగునపుడు గేరు ఊడినచో ఇంజను ఆపుదల పోవును. వెనుక బరువంతయు ట్రాక్టరును నెట్టి అడ్డముగా త్రిప్పును. అట్టి ట్రాక్టరునకు బాగుచేయువఱకు ట్రక్కు తగిలింపనేకూడదు. మంచి ట్రాక్టరైనను వాలులో దిగునపుడు క్లచ్చు త్రొక్కరాదు, న్యూట్రలు చేయరాదు. ఎక్కుటకు ఏ గేరు కావలెనో దిగుటకును ఆ గేరే ముందుగా వేసికొనవలెను.

పెడలుపై కాలు ఆనించి నడుపుటయు, ఎగువలో బ్రేకు వేయక సగము క్లచ్చుతో బండిని నిలుపుటయు ప్లేటును దహించివేయును. క్రొత్త ప్లేటు వేయించునపుడు పాత ప్లేటును మేస్త్రీ నడిగి తీసికొని సంఘపు కార్యాలయమునకు తేవలెను. నల్లగా మాడియున్నచో తప్పు డ్రైవరు కాలిది. నూనెతో తడిసియున్నచో సీలు పోయినది. అది మార్చక క్రొత్త ప్లేటు వేసిన డబ్బు వృథా. రివెట్ల వఱకు సమముగా అరిగియున్నచో దాని యాయువు తీరినది, ఎవరిని ననవలసిన పనిలేదు. క్రొత్త ప్లేటు కొన్ని దినములు పనిచేసిన పిదప పెడలు తేలికదూరమును మఱల కొలిచి, తేదీతో సహా లాగుబుక్కులో వ్రాయించుడు.